జర్మనీ వీసా లెక్కల్లో నేను రాయని లక్షన్నర

పద్దులు రాయడం నాకు ఉద్యోగం, అలవాటు. మా ఆయన్నడిగితే జబ్బు అంటారు. ఇరవై రెండేళ్లుగా ఒక విత్తనాల కంపెనీలో అకౌంట్స్ చూస్తున్నాను. నెలాఖరుకి పైసా తేడా వచ్చినా నిద్రపట్టని మనిషిని. అలాంటి నేను మా పెద్దదాని జర్మనీ వీసాకి వేసిన బడ్జెట్‌లో లక్షా యాభై నాలుగు వేల ఏడు వందల యాభై రెండు రూపాయలు తప్పాను. తప్పిన అంకె ఇంత కచ్చితంగా తెలియడమే నాకు మిగిలిన ఊరట.

మా ఆఫీసులో ఇప్పుడు ఇంకో ఇద్దరు తమ పిల్లల కోసం ఇదే పనిలో పడ్డారు. ఇద్దరికీ విడివిడిగా, భోజనాల వేళ, అదే కథ మళ్లీ మళ్లీ చెప్పి నోరు నొప్పెడుతోంది. అందుకని ఇక్కడ రాసి పెడుతున్నాను. అడిగినవాళ్లకి లింకు పంపితే సరిపోతుంది.

2024 అక్టోబరులో ఒక కన్సల్టెన్సీకి వెళ్లాం. అక్కడి కుర్రాడు తెల్లకాగితం మీద ఒకే ఒక్క అంకె వేసి చుట్టూ సున్నా చుట్టాడు. 15 లక్షలు. "ఇది రెడీగా పెట్టుకోండి ఆంటీ, మిగతాది మేం చూసుకుంటాం" అన్నాడు. అందులో ఏది ఎంత, ఎప్పుడు కట్టాలి అని అడిగాను. "ప్రాసెస్‌లో మీకే తెలుస్తుంది" అన్నాడు. మా కంపెనీలో ఎవరైనా ఇలా ఒక్క అంకెతో బిల్లు పెడితే వెనక్కి తిప్పి పంపుతాను. బయటికొచ్చి, మెట్లు దిగుతూనే, "మనమే చేసుకుందాం" అన్నాను. పెద్దది అప్పటికే అన్నీ చదివేసి ఉంది. నా దగ్గర్నుంచి దానికి కావలసింది ఆ మాటొక్కటే.

ఆ రాత్రే ఒక పాత రిజిస్టరు తీసి మూడు గళ్లు గీశాను. పోయే డబ్బు, ఇరుక్కునే డబ్బు, తిరిగొచ్చే డబ్బు. ఈ మూడూ వేరువేరు. ఫీజు కడితే అది పోతుంది. బ్లాక్డ్ అకౌంట్‌లో వేసింది పోదు, మనమ్మాయి తిండికే వస్తుంది, కాని నెలకింత అని తప్ప ముట్టుకోలేం. ముందస్తు పన్నుగా బ్యాంకు పట్టుకునే టీసీఎస్ లాంటిది కొన్నాళ్లకి మన దగ్గరికే తిరిగొస్తుంది. ఈ మూడింటినీ కలిపి 15 లక్షలని సున్నా చుడితే మనిషికి గుండెదడ తప్ప ఇంకేమీ అర్థం కాదు. నాలుగో గడి, అంటే ఏ తారీఖుకి అనేది, నేను గీయలేదు. అసలు మొదట గీయాల్సిన గడి అదే.

పోయే డబ్బుతో మొదలెడతాను, అది తేలిగ్గా అయిపోతుంది. మన దేశంలో చదివినవాళ్లు జర్మనీ స్టూడెంట్ వీసాకి వెళ్లాలంటే 2022 నవంబరు నుంచి ఏపీఎస్ సర్టిఫికెట్ తప్పనిసరి. మన మార్కుల కాగితాలు నిజమైనవేనని జర్మనీ తరఫువాళ్లు చూసి ఇచ్చే ధ్రువీకరణ అది. దానికి 18,000. ఇంగ్లిష్ పరీక్షకి పదిహేడు వేల చిల్లర. యూనివర్సిటీ నుంచి సీలు వేసిన ట్రాన్‌స్క్రిప్టులు, జిరాక్సులు, నోటరీ, కొరియర్లు అన్నీ కలిపి 9,400. ఈ ట్రాన్‌స్క్రిప్టుల కోసం పెద్దది నాలుగుసార్లు తిరిగింది. ఒకసారి సంతకం పెట్టేవారు సెలవు, ఒకసారి సీలు ఉన్న బీరువా తాళం సెలవు. ఆ బస్సు ఛార్జీలు కూడా రాశాను, నవ్వుకోండి.

అప్లికేషన్ల విషయంలో ఒక చిన్న కిటుకుంది. చాలా జర్మన్ యూనివర్సిటీలు ఊని-అసిస్ట్ అనే ఒకే కిటికీ ద్వారా అప్లికేషన్లు తీసుకుంటాయి. ఒక సెమిస్టర్‌కి మొదటి అప్లికేషన్‌కి 75 యూరోలు, ఆ పైన ప్రతిదానికీ 30. పెద్దది ఆరు పెట్టింది కాబట్టి 75కి ఐదు ముప్పైలు కలిపి 225. కార్డు మీద కడితే కరెన్సీ మార్చినందుకు బ్యాంకు వేసే మార్కప్, దాని మీద జీఎస్టీ కలిసి ఇరవై ఒక్క వేలు దాటింది. అవి కాక సొంత పోర్టల్లో ఉచితంగా తీసుకునే యూనివర్సిటీలు రెండింటికి పెట్టింది. చివరికి సీటిచ్చింది ఆ ఉచితం వాటిలో ఒకటి. ఆ 21 వేలకి ఏమొచ్చిందమ్మా అని మీరడిగితే, అనుభవం.

ఇంకో మాట. "జర్మనీలో చదువు ఫ్రీ కదండీ" అని మా వీధిలో కనీసం పదిమంది నాతో అన్నారు. చాలా ప్రభుత్వ యూనివర్సిటీల్లో ట్యూషన్ ఫీజు లేని మాట నిజమే. కాని బాడెన్-వ్యుర్టెంబెర్గ్ రాష్ట్రంలో 2017 శీతాకాలం సెమిస్టర్ నుంచీ మనలాంటి బయటి దేశాల వాళ్లకి సెమిస్టర్‌కి 1,500 యూరోలు. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ కూడా 2024 శీతాకాలం నుంచి కొత్తగా చేరే బయటి దేశాల విద్యార్థుల దగ్గర వేలల్లో ఫీజు తీసుకుంటోంది. ఏ రాష్ట్రమో, ఏ యూనివర్సిటీయో చూడకుండా ఫ్రీ అనే మాట పద్దులోకి ఎక్కించకూడదు. ఫీజు లేనిచోట కూడా సెమిస్టర్ కాంట్రిబ్యూషన్ అని సెమిస్టర్ సెమిస్టర్‌కీ కట్టేది ఒకటి ఉంటుంది. మాకది 180 యూరోల చిల్లర.

ఇక అసలు బండరాయి, బ్లాక్డ్ అకౌంట్. జర్మన్లు ష్పెర్‌కోంటో అంటారు. మన పిల్లకి అక్కడ ఒక ఏడాది బతకడానికి సరిపడా డబ్బు ముందే ఒక ఖాతాలో వేసి తాళం పెట్టాలి. ఆ తాళం నెలకోసారి తెరుచుకుంటుంది, నెలవారీ వాటా మాత్రం బయటికొస్తుంది. 2024 సెప్టెంబరు నుంచి ఆ మొత్తం 11,904 యూరోలు, అంటే నెలకి 992. అంతకుముందు 11,208 ఉండేది, దానికి ముందు 10,332. జర్మనీలో తమ విద్యార్థులకి ప్రభుత్వం ఇచ్చే బాఫ్యోగ్ సాయం గరిష్ఠ మొత్తాన్ని బట్టి ఈ అంకె మారుతుంది. అది పెరిగితే ఇదీ పెరుగుతుంది. కాబట్టి మీ మేనల్లుడు మూడేళ్ల కింద ఎంత కట్టాడన్నది మీకు పనికిరాదు.

ఇక్కడ మా వాళ్లలో ఒక పెద్ద అపోహ ఉంది. అమెరికా వీసాలకి 'షో మనీ' అలవాటైపోయి, ఎవరి దగ్గరో నెలరోజులకి అప్పు తెచ్చి ఖాతాలో చూపించి, స్టేట్‌మెంట్ తీసుకుని తిరిగి ఇచ్చేయొచ్చు అనుకుంటారు. మా ఆడపడుచు భర్త కూడా ప్రేమగా అదే అన్నారు. "వదినా, ఒక ముప్ఫై రోజులు నేను వేస్తాను, పని అయ్యాక తీసుకుంటా" అని. ఇది చూపించి దాచుకునే డబ్బు కాదన్నయ్యా, నిజంగా సముద్రం దాటే డబ్బు అని చెబితే ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే ఆలోచించాలి" అన్నారు. ఆయన్ని ఏమనను, నేనైనా అదే అందును.

స్కాలర్‌షిప్ ఉంటేనో, జర్మనీలో స్థిరపడినవాళ్లెవరైనా ఖర్చులన్నీ నావే అని అక్కడి ఆఫీసులో హామీపత్రం రాసిస్తేనో బ్లాక్డ్ అకౌంట్ అక్కర్లేదు. మాకా రెండూ లేవు.

ఇప్పుడు నా తప్పు. 2025 జనవరిలో రిజిస్టరులో ఈ వరస రాసుకున్నాను. 11,904 ఇంటూ 89, సమానం 10,59,456. ఆ రోజు యూరో ధర ఎనభై తొమ్మిది దగ్గరుంది. కింద ఎర్ర సిరాతో గీత గీసి, 'ఫైనల్' అని కూడా రాశాను. ఆ పేజీ ఇప్పటికీ ఉంది. మా చిన్నది ఆ పేజీ ఫోటో తీసి ఇంట్లో వాట్సాప్ గ్రూపుకి బొమ్మగా పెట్టింది.

సీటు వచ్చింది జూన్ మధ్యలో. డబ్బు పంపే వేళకి జులై. ఈలోగా యూరో తొంభై దాటింది, తొంభై అయిదు దాటింది, జులైకి నూరు దాటింది. ఇది నేను టీవీలో చూస్తూనే ఉన్నాను, ఎవరో ఎగుమతులవాళ్ల గొడవ అన్నట్టుగా. నా రిజిస్టరులో ఉన్న అంకెకీ ఆ వార్తకీ సంబంధం ఉందని ఏప్రిల్ నెలాఖరుకి గాని తట్టలేదు. బ్యాంకువాళ్లు మాకిచ్చిన ధర 102. బజారు ధరకీ బ్యాంకు ధరకీ మధ్య రూపాయీ రెండు రూపాయలూ వాళ్ల కమీషన్ అని ఇక్కడే తెలిసింది. గూగుల్‌లో కనిపించే రేటు మనకెవ్వరూ ఇవ్వరు.

11,904 ఇంటూ 102, 12,14,208. నేను రాసుకున్నదానికీ దీనికీ తేడా, పైన మొదట్లో చెప్పిన ఆ లక్షా యాభై నాలుగు వేల ఏడు వందల యాభై రెండు. ఏపీఎస్ నుంచి వీసా ఫీజు దాకా, బస్సు ఛార్జీలతో సహా నేను పైసా పైసా రాసిన ఖర్చులన్నీ కలిపినా లక్ష దాటలేదు. రాయని ఒక్క ఖర్చు లక్షన్నర.

జనవరిలోనే పంపేసి ఉండాల్సిందా? చాలామంది ఇదే అడుగుతున్నారు. సీటు రాకముందే బ్లాక్డ్ అకౌంట్ తెరవొచ్చు. వీసా రాకపోతే డబ్బు వెనక్కి వస్తుంది, రుసుములు పోతాయి. కాని సీటే లేని చదువుకి పదిన్నర లక్షలు దేశం దాటించే ధైర్యం నాకు లేదు. యూరో ఎనభై మూడుకి పడిపోయి ఉంటే ఇప్పుడు నేను తెలివిగలదాన్నని రాసుకునేదాన్ని. రేటు ఎటు పోతుందో తెలియనప్పుడు పంపకపోవడం తప్పు కాదు. ఒకే రేటు రాసి ఫైనల్ అనుకోవడం తప్పు. మా కంపెనీలో విత్తనాల కొనుగోలు బడ్జెట్‌కి ధర పెరిగితే అని పదో వంతు పక్కన పెట్టందే సంతకం పెట్టను. ఇంటికొచ్చేసరికి ఆ బుద్ధి చెప్పులతో పాటు గుమ్మం బయట విడిచినట్టున్నాను. ఇప్పుడు మా ఆఫీసులో ఇద్దరి పద్దుల్లోనూ పక్కపక్కన రెండు వరసలు రాయించాను. ఒకటి ఈవేళ్టి బ్యాంకు రేటుతో, ఇంకొకటి దానికి పన్నెండు శాతం కలిపి. రెండో వరస కట్టగలమా అన్నదే ప్రశ్న.

డబ్బు పంపిన రోజు కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఆ ఒక్క పూటలో ముప్ఫై రెండు వేలు పొరపాటున ఇరుక్కునేవి. బ్యాంకులో ఎ2 ఫారం ఇచ్చారు. విదేశాలకి ఎందుకు పంపుతున్నామో ఒక కోడ్ వేయాలి. కౌంటర్లో ఉన్న అమ్మాయి చాలా మర్యాదగా, గబగబా, 'మెయింటెనెన్స్ ఆఫ్ క్లోజ్ రిలేటివ్స్' అన్నదాని దగ్గర టిక్కు పెట్టి, "ఇక్కడ సంతకం మేడమ్" అంది. నాకు ఏ కాగితమైనా చదవకుండా సంతకం పెట్టే అలవాటు లేదు. "అమ్మా, ఇది చదువు కోసం కదా, 'స్టడీస్ అబ్రాడ్' కదా రావాలి" అన్నాను. "ఏదైనా ఒకటే మేడమ్, డబ్బు వెళ్తుంది" అంది.

ఒకటి కాదు. 2025 ఏప్రిల్ నుంచి ఒక ఆర్థిక సంవత్సరంలో ఒక మనిషి బయటికి పంపే డబ్బు పది లక్షలు దాటితే, దాటిన దాని మీద టీసీఎస్ పడుతుంది. మేం పంపిన 2025లో చదువుకి సొంత డబ్బైతే 5 శాతం ఉండేది. వేరే చాలా పనులకైతే 20 శాతం. బ్యాంకు ఎడ్యుకేషన్ లోన్ డబ్బైతే అసలు లేదు. మాది పది లక్షల మీద 2,14,208. అయిదు శాతమైతే 10,710. ఇరవై అయితే 42,842. రెండూ తర్వాత ఇన్‌కమ్ టాక్స్‌లో సర్దుబాటయ్యేవే గాని, ఆ రోజు ఖాతాలో ఉండాల్సిన డబ్బు మారిపోతుంది. ఆ నెల మా ఖాతాలో అదనంగా ముప్ఫై రెండు వేలు లేవు. అడ్మిషన్ లెటర్ తీసి చూపించి, కొత్త ఫారం రాయించాను. ఆ అమ్మాయి నన్ను చూసిన చూపు, మా ఆఫీసులో సేల్స్ వాళ్లు నన్ను చూసే చూపే.

ఇంటికొచ్చాక ఇంకో సంగతి తట్టింది. పది లక్షల పరిమితి మనిషికి ఒకటి. సగం నా ఖాతా నుంచి, సగం మా ఆయన ఖాతా నుంచి పంపి ఉంటే ఇద్దరిలో ఎవరూ పది లక్షలు దాటేవాళ్లం కాదు, టీసీఎస్సే ఉండేది కాదు. అకౌంటెంటుని అని చెప్పుకోవడానికి ఆ రోజు కొంచెం సిగ్గేసింది. సరే, కట్టిన 10,710ని ఆ ఏడాది జీతంలోంచి కోసే టాక్స్‌లో తగ్గించుకోవడానికి ఫారం 12బిఎఎ అని ఒకటుంది, యజమానికి ఇవ్వాలి. మా కంపెనీలో ఆ ఫారం మొదట ఇచ్చింది నేనే, తీసుకున్నదీ నేనే.

కరెన్సీ మార్చినందుకు జీఎస్టీ కూడా ఉంటుంది. పన్నెండు లక్షలకి ఇరవై వేలైనా లాగుతారేమో అని భయపడ్డాను. అలా కాదట. మొత్తం మీద కాదు, ఒక పట్టిక ప్రకారం లెక్కగట్టిన చిన్న విలువ మీద 18 శాతం. మాకది 1,029 రూపాయలు. వైర్ ఛార్జీ జీఎస్టీతో 1,180. ఇవి రెండూ హాయిగా వదిలేశాను.

వదిలేశాక నాలుగో రోజు పెద్దదానికి మెయిల్ వచ్చింది. ఖాతాలో 21 యూరోలు తక్కువ పడ్డాయట. దాని ముఖం పాలిపోయింది. జరిగిందేమిటంటే, మన బ్యాంకు నుంచి జర్మనీ బ్యాంకుకి డబ్బు నేరుగా పోదు, మధ్యలో ఇంకో బ్యాంకు చేతుల మీదుగా పోతుంది. ఆ మధ్యవర్తి తన కూలి తను కోసుకుంటాడు. ఫారంలో 'ఛార్జీలు ఎవరివి' అని ఒక గడి ఉంటుంది. అందులో ఓయూఆర్ అని ఉంటే అన్నీ మనమే ముందుగా కడతాం, అక్కడికి పూర్తిగా చేరుతుంది. ఎస్‌హెచ్ఏ అని ఉంటే దారిలో కోస్తారు. మాది ఎస్‌హెచ్ఏ. కోడ్ పట్టుకున్న ఆనందంలో ఈ గడి చూడలేదు. పూర్తి మొత్తం చేరితే గాని వీసాకి కావలసిన నిర్ధారణ పత్రం ఇవ్వరు. ఒక్క యూరో తగ్గినా ఇవ్వరు.

ఇక ఆ 21 యూరోల కోసం మళ్లీ బ్యాంకు, మళ్లీ ఎ2 ఫారం, మళ్లీ అదే అమ్మాయి. ఈసారి ఓయూఆర్ పెట్టించాను. రెండు వేల నూట నలభై రెండు రూపాయల విలువ పంపడానికి ఛార్జీలన్నీ కలిపి రెండు వేల రెండు వందల పైన పడింది. అసలు కన్నా వడ్డీ ముద్దంటారు గాని, ఇక్కడ అసలు కన్నా కూలి ఎక్కువ. దాంతో పాటు ఆరు రోజులు పోయాయి. జులైలో ఆరు రోజులంటే మాటలు కాదు, అక్టోబరులో తరగతులు. ఆ ఖాతా నడిపే సంస్థకి తెరిచినందుకు, నెలనెలా నడిపినందుకు ఏడాదికి కలిపి 149 యూరోలు విడిగా కట్టాం. ఇలా తక్కువ పడకుండా కొందరు పంపేటప్పుడే ఒక యాభై అరవై యూరోలు ఎక్కువ వేసి పంపుతారని తర్వాత విన్నాను. ఎక్కువైంది ఎటూ పిల్లకే వస్తుంది. మంచి పద్ధతి.

నాలుగో గడి గీయనందుకు తగిలిన దెబ్బ ఎఫ్‌డీ దగ్గర. మా దగ్గర 8 లక్షల ఎఫ్‌డీ ఒకటి ఉంది, డిసెంబరులో గడువు. డబ్బు కావలసింది జులైలో. గడువుకి అయిదు నెలల ముందు పగలగొట్టాం. ఒక శాతం కోత, తక్కువ కాలానికి తక్కువ వడ్డీ, అన్నీ కలిపి పన్నెండు వేల చిల్లర పోయింది. అదే ఎఫ్‌డీ మీద లోన్ తీసుకుని ఉంటే, వడ్డీ ఎఫ్‌డీ రేటు కన్నా ఒక శాతమే ఎక్కువ కాబట్టి అయిదు నెలలకి నికరంగా మూడు వేల మూడు వందలతో పోయేది. ఆ హడావుడిలో తట్టలేదు. జనవరిలోనే 'జులై' అని ఒక గడిలో రాసి ఉంటే, ఆ డిసెంబరు, ఈ జులై పక్కపక్కన కనిపించి తట్టేది.

అసలు వీసా ఫీజు గురించి ఇంతసేపూ చెప్పలేదు కదూ. ఎందుకంటే అందులో చెప్పడానికేం లేదు. జర్మనీ లాంగ్ స్టే వీసా ఫీజు 75 యూరోలు. వీసా సెంటర్ సర్వీస్ ఛార్జీ, పాస్‌పోర్టు ఇంటికి పంపే కొరియర్, ఫోటోలు, మొదటి రోజులకి తీసుకున్న ఇన్సూరెన్స్ అన్నీ కలిపినా పదివేల ప్రాంతంలోనే. 'వీసా ఖర్చు' అని అందరూ భయపడే దానిలో వీసా వాటా ఇదే. లోపల మెత్తటి కుర్చీలున్న ప్రీమియం గది, మెసేజ్ సర్వీసు అంటూ అడిగారు. పెద్దది అన్నిటికీ తల అడ్డంగా ఊపింది. నా కూతురే.

కాని ఒకటి రాసి పెట్టుకోండి. వీసా తిరస్కరిస్తే ఆ ఫీజు తిరిగి రాదు. ఇదివరకు తిరస్కరణ మీద అదే కాన్సులేట్‌కి ఉచితంగా అభ్యంతరం రాసుకునే పద్ధతి ఉండేది. 2025 జులై 1 నుంచి ఆ పద్ధతి తీసేశారు. ఇప్పుడు మళ్లీ కొత్తగా దరఖాస్తు పెట్టాలి, లేదంటే బెర్లిన్‌లో కోర్టుకి వెళ్లాలి. అందుకని 'రెండోసారి వీసా ఫీజు' అని ఒక వరస రాసి, అది వాడకుండా మిగలాలని దణ్ణం పెట్టుకున్నాను. మిగిలింది. విమానం టికెట్ మాత్రం వీసా చేతికొచ్చాకే కొన్నాం. ధర పెరిగిందని మా ఆయన సణిగారు. నేను వినలేదు.

సెప్టెంబరు నెలాఖరులో పెద్దది వెళ్లింది. ఇక్కడ చాలామంది పద్దు మూసేస్తారు. బ్లాక్డ్ అకౌంట్‌లో పన్నెండు లక్షలున్నాయి, ఇంకేం అని. ఆ పన్నెండు లక్షలు మొదటి నెల దానికి అక్కరకు రాలేదు. తాళం తెరవాలంటే అక్కడ బ్యాంకు ఖాతా ఉండాలి. దానికి ఫలానా ఇంట్లో ఉంటున్నానని నగరపాలక సంస్థలో పేరు రాయించుకున్న కాగితం అడిగారు. ఆ పేరు రాయించడానికి ఇల్లు ఉండాలి. ఇంటికి డిపాజిట్ కట్టాలి. డిపాజిట్‌కి డబ్బు కావాలి, ఆ డబ్బు తాళం వెనక ఉంది. గుండ్రంగా తిరిగి మొదటికి వచ్చాం.

దానికి ముగ్గురు పంచుకునే ఇంట్లో ఒక గది దొరికింది. అద్దె 310, హీటింగ్ గట్రా కలిపితే 410. జర్మనీలో డిపాజిట్ మూడు నెలల ఉత్త అద్దె మించి అడగకూడదని చట్టం. అంటే 930. దాన్ని మూడు నెలసరి వాయిదాల్లో కట్టే హక్కు కూడా ఉంది. ఆ సంగతి పెద్దదానికి తెలుసు. అడిగింది కూడా. అంతా ఒకేసారి అయితేనే గది అన్నారు. గది పోతుందేమో అని కట్టేసింది. 930, మొదటి నెల అద్దె 410, హెల్త్ ఇన్సూరెన్స్ 145, ఇంతలోనే 1,485. రెసిడెన్స్ పర్మిట్ అపాయింట్‌మెంట్‌కి ఇంకో 100. మొదటి 992 ఖాతాలో పడింది వెళ్లిన ఇరవై మూడో రోజున. అది పడేవరకు దాన్ని నిలబెట్టింది చేతికిచ్చి పంపిన ఫారెక్స్ కార్డులోని 1,800 యూరోలు. నేను వెయ్యి చాలన్నాను. మా ఆయన ఎందుకో ఆ ఒక్క విషయంలో మొండికేసి పద్దెనిమిది వందలు వేయించారు. జీవితంలో ఆయన గెలిచిన పద్దు ఇదొక్కటే. నెలలో మూడుసార్లైనా గుర్తుచేస్తున్నారు.

ఇప్పుడు నెలకి 992లో అద్దె, ఇన్సూరెన్స్ పోగా దాని చేతిలో 437 మిగులుతాయి. వచ్చిన రెండో వారంలో రేడియో టీవీ రుసుమని ఉత్తరం వచ్చిందట, ఇంటికి నెలకి 18.36. "అమ్మా, మా ఇంట్లో టీవీయే లేదు" అని ఫోన్ చేసింది. టీవీ లేకపోయినా ఇంటికింత అని కట్టాల్సిందేనట. ముగ్గురూ పంచుకుంటే తలకి 6.12. ఆ ఆరు యూరోల పన్నెండు సెంట్లు కూడా రాసుకోమన్నాను. రాసుకుంటోంది. పార్ట్‌టైమ్ ఉద్యోగం వస్తే ఇంకా తేలిక అంటుంది. ఏడాదికి 140 పూర్తి రోజులు పనిచేయొచ్చని రూల్ ఉంది, కాని వచ్చేదాకా ఆ డబ్బు నా రిజిస్టరులోకి రానివ్వనని చెప్పాను.

రిజిస్టరులో 'తిరిగొచ్చేవి' గడిలో ఇంకా రెండే వరసలు కొట్టేయకుండా ఉన్నాయి. ఒకటి టీసీఎస్ 10,710. అది ఫారం ప్రకారం జీతంలో సర్దుకుంటోంది. రెండోది ఇంటి డిపాజిట్ 930 యూరోలు. అదెప్పటికి తిరిగొస్తుందే అని మొన్న ఫోన్లో అడిగాను. "ఖాళీ చేసినప్పుడమ్మా. అప్పటిదాకా గోడకి మేకు కొట్టకూడదు. నువ్వు పంపిన వెంకన్న ఫోటో కిటికీ దగ్గర నిలబెట్టాను" అంది.